గుమ్మం దగ్గర నేల ఎత్తు తేడాకు అల్యూమినియం పట్టీ, గ్రానైటు వాలు, రబ్బరు ర్యాంపు: వాడి చూశాక నా అభిప్రాయం

పాత టైల్స్‌ను పగలగొట్టకుండా వాటి మీదనే కొత్త టైల్స్ అతికించుకోవడం హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు మామూలు పద్ధతి అయిపోయింది. పగలగొడితే ఇల్లంతా దుమ్ము, కింది ఫ్లాటువారితో మాటపట్టింపు, రాళ్లూ రప్పలూ లిఫ్టులో దించనివ్వని అసోసియేషన్, ఆ చెత్తను తీసుకుపోయే ట్రాక్టరు కిరాయి అన్నీ తోడవుతాయి గనుక చాలామంది అతికించడానికే మొగ్గు చూపుతారు. అయితే ఇల్లంతా ఒకేసారి మార్పించుకునేవారు తక్కువ. ఒక పడకగది ఈ ఏడాది, ఇంకొకటి చేతిలో డబ్బు ఆడినప్పుడు అన్నట్టు సాగే పనిలో కొత్త నేలా పాత నేలా కలిసే ప్రతి గుమ్మం దగ్గరా ఒక చిన్న మెట్టు మిగిలిపోతుంది. కూకట్‌పల్లిలోని మా ఫ్లాటులో అలా సరిచేయవలసిన గుమ్మాలు మూడు తేలాయి. మూడింటికీ ఎత్తు వేరు కావడంతో మూడు రకాల సరుకులు కొని బిగించవలసి వచ్చింది. వాకరు పట్టుకుని నడిచే మా అమ్మ, బండ దొర్లించుకుంటూ వచ్చే గ్యాసు అబ్బాయి, రోజూ తడిగుడ్డ పెట్టే పనమ్మాయి వాటి మీదుగా కొన్ని నెలలు తిరిగాక ఏది నిలిచిందో, ఏది నిలవలేదో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కొలతలు చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పేదంతా వాటి మీదనే ఆధారపడి ఉంటుంది. పెద్ద పడకగదిలో పాత టైలు మీద 9 మిల్లీమీటర్ల విట్రిఫైడ్ టైలు, దాని కింద దాదాపు 6 మిల్లీమీటర్ల అడ్‌హెసివ్ (టైల్స్ అతికించే జిగురు) పడ్డాయి. అంటే హాలు కంటే ఆ గది 15 మిల్లీమీటర్లు పైకి లేచింది. రెండో పడకగదిలో 8 మిల్లీమీటర్ల లామినేట్ (చెక్కలా కనబడే) పలకలు, వాటి కింద 2 మిల్లీమీటర్ల ఫోమ్ వేయించాము. అక్కడ తేడా 10 మిల్లీమీటర్లు. మూడోది వంటగది నుంచి వాష్ ఏరియాకు దిగే గుమ్మం. ఇది ఇల్లు కట్టిన నాటి నుంచీ ఉన్న తేడాయే, 25 మిల్లీమీటర్లు, నీళ్లు వంటగదిలోకి రాకూడదని కావాలనే దించి కట్టినది.

దుకాణంలో ఈ పట్టీల గురించి అడిగితే వాళ్లు మొదట చెప్పేది ఎత్తు: ఇది పది మిల్లీమీటర్లది, ఇది పన్నెండుది, ఇది పదిహేనుది. కాని కాలికి గాని చక్రానికి గాని తెలిసేది ఎత్తు ఒక్కటే కాదు. ఆ ఎత్తు ఎంత పొడవులో ఎక్కుతున్నది అన్నదే అసలు సంగతి. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో వెలువరించిన సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాలు ర్యాంపులకు 1:12 వాలు చెబుతున్నాయి. ఒక మిల్లీమీటరు ఎక్కడానికి పన్నెండు మిల్లీమీటర్ల నిడివి ఉండాలన్న మాట. అమెరికాలోని 2010 ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) ప్రమాణాలు గుమ్మం దగ్గర కొంత వెసులుబాటు ఇస్తాయి: 6 మిల్లీమీటర్ల వరకు నిటారు అంచు ఉన్నా ఫరవాలేదు, అక్కడి నుంచి 13 మిల్లీమీటర్ల దాకా అంచును 1:2 కంటే నిటారుగా లేకుండా వాలు చెక్కితే చాలు, అది దాటితే మాత్రం అది ర్యాంపు కిందే లెక్క. అరంగుళం (13 మిల్లీమీటర్లు) దగ్గర గీసిన ఈ గీత మా ఇంట్లో అక్షరాలా నిజమని తేలింది. 10 మిల్లీమీటర్ల గుమ్మం దగ్గర దుకాణపు పట్టీ చక్కగా సరిపోయింది. 15 మిల్లీమీటర్ల గుమ్మానికి అలాంటి పట్టీనే తెచ్చి నేల మీద ఊరికే పెట్టి, దాని మీద వాకరు తోసి చూస్తేనే అది పనికిరాదని అర్థమైంది. దాని వెడల్పు 45 మిల్లీమీటర్లు, అంటే వాలు 1:3. వాకరు ముందు చక్రాలు ఎక్కుతాయి, కాని ఎక్కడానికి చేతులతో ఒక తోపు తోయాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ తోపులోనే తూలిపోయే ప్రమాదం ఉంది. బిగించకుండా చూపించాము గనుక దుకాణంవారు మారుమాట లేకుండా వెనక్కి తీసుకున్నారు.

అల్యూమినియం పట్టీ సంగతి ముందుగా చెబుతాను. ఇవి ప్రధానంగా రెండు రకాలు. ఒక రకానికి చిల్లులున్న సన్నటి రెక్క ఉంటుంది. టైల్స్ వేసేటప్పుడే ఆ రెక్కను అడ్‌హెసివ్‌లో పరిచి, దాని మీద టైలు కూర్చోబెడతారు. పట్టీ టైలు బరువు కిందనే ఉండిపోతుంది గనుక తర్వాత లేచే ప్రశ్నే ఉండదు. జర్మనీకి చెందిన ష్లూటర్ సంస్థ 1975లో టైలు అంచుకు లోహపు పట్టీ తెచ్చినప్పటి నుంచీ ఈ రెక్క పద్ధతి ప్రపంచమంతటా పాకింది. మన దుకాణాలలో దొరికే వాటిలో ఎక్కువ భాగం ఆ ఆలోచనకు నకళ్లే. చిక్కల్లా ఏమిటంటే దీనిని టైల్స్ పని మొదలు కాకముందే కొని మేస్త్రీ చేతిలో పెట్టాలి. మన ఇళ్లలో గుమ్మం గురించి ఆలోచన వచ్చేది టైల్స్ సందులలో నింపే గ్రౌటు కూడా ఆరిపోయాకనే. అప్పుడు మిగిలేది రెండో రకం, పైనుంచి జిగురుతోనో స్క్రూలతోనో బిగించేది.

లామినేట్ గదికి నేను తెచ్చింది స్క్రూల రకమే, రెండు ముక్కలుగా వచ్చేది. అడుగు ముక్కను నేలకు స్క్రూలతో బిగించి, వాలు ఉన్న పై ముక్కను దానిలోకి నొక్కితే స్క్రూలు బయటికి కనబడవు. లామినేట్ నేలకు ఇలాంటి పట్టీ తప్ప వేరే మార్గం లేదని చెప్పవచ్చు, ఎందుకంటే ఆ పలకలు నేలకు అతుక్కుని ఉండవు. తేమను బట్టి కొద్దిగా వ్యాకోచిస్తాయి, కుంచించుకుంటాయి. గుమ్మం దగ్గర వాటికి 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, ఆ ఖాళీని సిమెంటుతో గాని గ్రౌటుతో గాని నింపకూడదు, పట్టీ స్క్రూలు పలకల గుండా దిగకూడదు. మా ఇంటికి లామినేట్ వేయడానికి వచ్చిన పనివాడు స్క్రూలను నేరుగా పలకలోంచి దించబోతే నేనే ఆపవలసి వచ్చింది. అలా దించితే వానాకాలంలో పలకలు ఉబ్బినప్పుడు కదలడానికి చోటు లేక గది మధ్యలో పైకి లేస్తాయి. విట్రిఫైడ్ టైలుకు రంధ్రం వేయడానికి కాంక్రీటు బిట్టు పనికిరాదు, డైమండ్ బిట్టు కావాలి. డ్రిల్లును హామర్‌లో పెట్టకుండా, చుక్కచుక్కగా నీళ్లు పోస్తూ నెమ్మదిగా దించాలి. పనివాడి దగ్గర ఆ బిట్టు లేకపోతే మనమే కొని ఇవ్వడం మేలు, ఒక్క టైలు పగిలితే అయ్యే ఖర్చు బిట్టు ధర కంటే ఎక్కువ.

ఈ పట్టీ పనితనం గురించి నాకు ఫిర్యాదు లేదు. 8 అడుగుల కడ్డీకి 900 రూపాయల పైచిలుకు పడింది. గుమ్మం వెడల్పు మూడడుగుల లోపే గనుక ఒక కడ్డీ రెండు గుమ్మాలకు సరిపోతుంది. ఆనోడైజ్ చేసిన మెరుపు తగ్గలేదు, తడిగుడ్డ వల్ల మరకలు పడలేదు. కాని ఎంచుకునేటప్పుడు రేకు మందం చూసుకోవాలి. దుకాణంలో రెండు పట్టీలను పక్కపక్కన పెట్టి వేలితో నడుమ నొక్కితే తేడా తెలిసిపోతుంది. పలచటిది వేలికే లొంగుతుంది, అది కాలి కింద టకటకమంటుంది. మందపాటిది కూడా లోపల బోలుగా ఉంటే కొంత మోగుతుంది. జిగురుతో అతికించే రకమైతే వాలు కింది బోలును సిలికాన్‌తో పూర్తిగా నింపించుకోవాలి. ఆ సిలికాన్ కూడా న్యూట్రల్ రకం కావాలి. డబ్బా తెరవగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వేసేది ఆమ్లపు రకం, అది లోహాన్ని తినేస్తుంది, పాలరాతి మీద మచ్చ తెస్తుంది. పచ్చి సిమెంటు తగిలినా అల్యూమినియం పాడవుతుంది. మేస్త్రీలు అలవాటు కొద్దీ వైట్ సిమెంటు కలిపి అంచులకు పూయబోతారు, దానిని మాత్రం ముందే వారించాలి.

ఇంత మెచ్చుకున్నాక ఒక హెచ్చరిక. గ్యాసు బండ వెళ్లే దారిలో అల్యూమినియం వద్దు. వంటగ్యాసు 14.2 కిలోలు, దానికి ఖాళీ బండ బరువు కూడా కలిస్తే అంతా కలిపి ముప్పై కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ఆ అబ్బాయి బండను ఎత్తి తీసుకురాడు, అడుగు చట్రం అంచు మీద వంచి దొర్లించుకుంటూ వస్తాడు. ఆ అంచు పట్టీ మీద పడితే బరువంతా ఒక్క చోట దిగి సొట్ట పడుతుంది. మా పక్క బ్లాకులో ఒకరింట్లో హాలుకూ వంటగదికీ మధ్య వేయించుకున్న పట్టీ నడుమ కుంగిపోయి, రెండు చివరలూ పైకి లేచి, ఆ చివరలకు చీర అంచులు తగులుకుంటున్నాయి. ఇత్తడి పట్టీ ఇంతకన్నా గట్టిది, చూడటానికి నిండుగా ఉంటుంది, కాని ధర బాగా ఎక్కువ, తోమకపోతే నల్లబడుతుంది. పీవీసీ పట్టీల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: చవక, రంగు మారతాయి, విరుగుతాయి.

ఇక 15 మిల్లీమీటర్ల గుమ్మం. నా దృష్టిలో మొత్తం పనిలో శ్రద్ధ పెట్టదగినది ఇదే, డబ్బు సరిగ్గా ఖర్చయిందని అనిపించినదీ ఇదే. పెద్ద పడకగది గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. రెండు వైపులా ప్లాస్టరింగు కలుపుకుని మందం దాదాపు 140 మిల్లీమీటర్లు. తలుపు గది లోపలికి తెరుచుకుంటుంది. నేలలు కలిసే గీత మూసిన తలుపు రెక్క కిందికి రావాలన్నది మంచి మేస్త్రీలు పాటించే పద్ధతి. అప్పుడు తలుపు వేసి ఉన్నంతసేపూ హాలులో నుంచి చూసేవారికి గది నేల, గదిలో నుంచి చూసేవారికి హాలు నేల కనబడవు. ఆ గీత నుంచి హాలు వైపు గోడ అంచు వరకు మాకు దొరికిన నిడివి 105 మిల్లీమీటర్లు. 15 మిల్లీమీటర్లను అందులో ఎక్కించితే వాలు 1:7 అవుతుంది. మార్గదర్శకాలు చెప్పిన 1:12 ప్రకారం కావలసింది 180 మిల్లీమీటర్లు. మిగతా 75 మిల్లీమీటర్లను హాలులోకి చాచవచ్చు, కాని అప్పుడు రాయి రెండు చివరలూ గోడ వరుసను దాటి హాలులోకి పొడుచుకు వస్తాయి, పక్క నుంచి నడిచి వచ్చేవారి కాలికి తగులుతాయి. సరళంగా చేద్దామని ఒకచోట తీసిన మెట్టును ఇంకొకచోట పెట్టినట్టవుతుంది. మధ్యే మార్గంగా 45 మిల్లీమీటర్లు మాత్రం చాచి, వాలును 1:10కి తెచ్చి, పొడుచుకు వచ్చిన రెండు మూలలను ఏటవాలుగా కోయించాము. ఈ నిర్ణయం వల్ల నడవడం ఎంత తేలికైందో మా అమ్మ వాకరే సాక్ష్యం. చక్రాలు ఆగకుండా ఎక్కుతున్నాయి.

గ్రానైటు యార్డులో మొదట చెప్పిన పద్ధతి వేరు. 18 మిల్లీమీటర్ల మందం పలక తీసుకుని, ఒక అంచు దగ్గర 15 మిల్లీమీటర్లు ఉంచి, రెండో అంచు దాకా అరగదీసుకుంటూ పోయి కత్తివాదర లాగా సున్నాకు తెస్తామన్నారు. చూపించిన నమూనా ఎంతో అందంగా ఉంది. హాలు టైలు మీద దానిని అతికిస్తే చాలు, ఎక్కడా ఏమీ పగలగొట్టనక్కర లేదు. మాకు టైల్స్ వేసిన మేస్త్రీ, ఒంగోలు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, ఆ నమూనాను చేతిలోకి తీసుకుని పలచటి అంచును బొటనవేలితో ఒకసారి తడిమి పక్కన పెట్టేశాడు. "చూడ్డానికి బాగుంటది సార్. రాయి పలచనైతే రాయి కాదు, పెంకు. బండ ఒక్కసారి దొర్లిందంటే అంచంతా పొలుసులు లేచిపోద్ది" అన్నాడు. గ్రానైటు పైనుంచి పడే ఒత్తిడికి ఎంతైనా ఓర్చుకుంటుంది గాని, వంపుకు ఓర్చుకోదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల కన్నా పలచబడిన అంచు కింద ఎక్కడ చిన్న బోలు ఉన్నా అక్కడ పెట్లిపోతుంది. ఆయన చెప్పింది నిజమేనని యార్డువారు కూడా చివరకు ఒప్పుకున్నారు, అయితే చాలామంది అదే అడుగుతారని అన్నారు.

మేస్త్రీ చేసిన పద్ధతిలో రాయిని అసలు అరగదీయనే లేదు. గుమ్మం కింద వాలు రావలసిన మేర పాత టైలును కటింగ్ మిషన్‌తో గీత కోసి, ఉలితో తీసి, దాని కింద ఉన్న సిమెంటు పరుపును కూడా కొంత చెక్కాడు. మన ఇళ్లలో టైలు కింద సిమెంటు మోర్టారు మందంగానే ఉంటుంది గనుక లోతు దొరకడానికి ఇబ్బంది రాలేదు. ఆ గుంటలో 18 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకను పూర్తి మందంతోనే, ఏటవాలుగా కూర్చోబెట్టాడు. హాలు వైపు పలక పై అంచు పాత టైలు మట్టానికి, గది వైపు పై అంచు కొత్త టైలు మట్టానికి వచ్చేలా మట్టపు కర్ర పెట్టి, రబ్బరు సుత్తితో తట్టుకుంటూ సరిచేశాడు. అంచులలో ఎక్కడా రాయి పలచబడలేదు. పలక వాలి ఉంటుంది గనుక ఎత్తుగా ఉండే గది వైపు అతుకు పైన కొంచెం వెడల్పు అవుతుందని ముందే చెప్పి, ఆ మేర అంచును కొద్దిగా ఏటవాలుగా కోయించుకుని తెచ్చాడు. రెండు వైపులా రెండేసి మిల్లీమీటర్ల సందు వదిలి, ఎపాక్సీ గ్రౌటుతో నింపాడు. కింద పరిచింది టైల్స్ అడ్‌హెసివ్. సంచి మీద టైల్స్ అడ్‌హెసివ్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 15477 గుర్తు ఉన్నది, రాయికి పనికివచ్చే రకమే కొనిపించాడు. రాయి అడుగున ఎక్కడా బోలు లేకుండా అడ్‌హెసివ్‌ను పలక వెనుక కూడా పూశాడు, మధ్యలో నాలుగు ముద్దలు పెట్టి వదిలేసే పద్ధతి కాదు. ఆరాక నాణెంతో తట్టి చూస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే శబ్దం వచ్చింది. ఒక రోజంతా దాని మీద కాలు పెట్టనివ్వలేదు.

రాయి ఎంపికలో రెండు విషయాలు పట్టించుకోవాలి. మొదటిది జారుడు. యార్డులో చూపించేవన్నీ అద్దంలా పాలిష్ పట్టినవి, తడి పాదంతో వాలు మీద అడుగు వేస్తే అవి ప్రమాదం. లెదర్ ఫినిష్ అడిగితే కొంచెం గరుకుగా, అయినా గుడ్డకు తగులుకోకుండా ఉంటుంది. మంటతో కాల్చి గరుకు చేసిన ఫ్లేమ్‌డ్ రకం ఇంటి బయట మెట్లకు మంచిది, లోపల వేస్తే మురికి పడుతుంది. రెండోది రంగు. నేల రంగులోనే కలిసిపోయే వాలు వయసు మళ్లినవారి కంటికి ఆనదు, నేల సమంగానే ఉందనుకుని అడుగు వేస్తారు. కాబట్టి కొంత తేడా ఉండాలి. అలాగని లేత రంగు టైల్స్ మధ్య నల్లటి రాయి పెట్టడం కూడా అందరికీ మంచిది కాదు. మతిమరుపు జబ్బు ఉన్నవారికి ఆ నల్లటి పట్టీ గుంటలాగానో మెట్టులాగానో కనబడి, దాని ముందు ఆగిపోతారు. చీమకుర్తి గెలాక్సీ నలుపు మా ఇంట్లో అందరికీ నచ్చింది, కరీంనగర్ టాన్ బ్రౌన్ ముక్కలు యార్డులో చవకగా మిగిలి ఉన్నాయి, అయినా ఈ కారణం చేత మధ్యరకం బూడిద రంగు స్టీల్ గ్రే తీసుకున్నాము. ఇంత చిన్న ముక్క కోసం పెద్ద పలక కొననక్కర లేదు. వంటగట్లు కోయగా మిగిలిన ముక్కలలో మూడడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పువి ఎప్పుడూ దొరుకుతాయి.

ఈ పనికి ఖర్చు రాయి కంటే కూలికే ఎక్కువైంది. ఒక్క గుమ్మం కోసం అంటే మేస్త్రీలు రావడానికి ఇష్టపడరు. టైల్స్ పని జరుగుతుండగానే కలిపి మాట్లాడుకుంటే అదే కూలిలో అయిపోతుంది. కటింగ్ చేసేటప్పుడు నీళ్లు పోయించాలి, లేదా పక్కన వాక్యూమ్ పట్టుకుని నిలబడాలి. టైలునూ రాతినీ పొడిగా కోస్తే లేచే ఆ తెల్లటి దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడు చేస్తుంది. పనివాళ్లు ముక్కుకు జేబురుమాలు కట్టుకుని అదే పదివేలు అనుకుంటారు. మంచి మాస్కు ధర ఎంతో కాదు, అది మనం కొనివ్వవలసిన సామాను జాబితాలో ఉండాలి.

గుమ్మం పని అయ్యాక తలుపు పని ఒకటి మిగులుతుందని దుకాణంవారు ఎవరూ చెప్పరు. గది నేల 15 మిల్లీమీటర్లు లేచినప్పుడు లోపలికి తెరుచుకునే తలుపు అడుగు నేలకు రాసుకుంటుంది, వడ్రంగిని పిలిచి ఆ మేర కోయించాలి. ఫ్లష్ డోరును అడుగున కోస్తే లోపలి చెక్క బయటపడుతుంది. దానికి వెంటనే ప్రైమరు, పెయింటు పూయకపోతే రోజూ పెట్టే తడిగుడ్డ నీరు పీల్చుకుని ఏడాది తిరిగేలోగా ఉబ్బుతుంది. తలుపు అడుగు కనబడదు గనుక పెయింటరు దానిని వదిలేస్తాడు, తలుపును దించి ఉన్నప్పుడే దగ్గరుండి పూయించుకోవాలి.

వాష్ ఏరియా గుమ్మానికి వేసింది రబ్బరు ర్యాంపు. 25 మిల్లీమీటర్ల ఎత్తు, ఎనిమిది అంగుళాల వెడల్పు, నల్లటిది, ఆన్‌లైన్‌లో తెప్పించాము. బరువుకే కదలకుండా కూర్చుంటుంది, బిగించే పని లేదు, బండ దొర్లినా దానికి ఏమీ కాదు, అవసరం లేనప్పుడు తీసి పక్కన పెట్టవచ్చు. అద్దె ఇంట్లో ఉండేవారికీ, కాలికి కట్టు కట్టించుకుని కొంతకాలం చక్రాల కుర్చీ వాడవలసిన వారికీ ఇంతకన్నా తేలికైన ఉపాయం లేదు. మాకు మాత్రం సరిపడలేదు. మొదటి వారాలలో టైరు కొట్టు వాసన వేసింది, అది ఎండలో పెడితే పోయింది. పోనిది అడుగున చేరే నీరు. వాషింగ్ మెషీను నీళ్లు చిందినప్పుడల్లా ర్యాంపు కిందికి చేరి ఆరకుండా ఉండిపోతున్నాయి. ఎత్తి చూస్తే నేల మీద నాచు పట్టినట్టు నల్లటి చార, దాని అంచు వెంట చీమల బారు. తరచుగా ఎత్తి తుడిస్తే ఇబ్బంది లేదు, కాని ఆ బరువు పనమ్మాయి చేత రోజూ ఎత్తించడం న్యాయం కాదు. పొడి గదుల మధ్య అయితే దీనికి మంచి మార్కులే వేస్తాను. నీళ్లు తిరిగే చోట దీనిని కొనవద్దు.

మూడింటినీ కొన్న దుకాణాల గురించి కూడా ఒక మాట. హైదరాబాదులో పెద్ద టైల్స్ షోరూములు ఎన్నో చూశాము. గోడంత పొడవున టైలు నమూనాలు నిలబెట్టినచోట ఈ పట్టీలు కౌంటరు వెనుక ఏ మూలనో ఒక పీవీసీ గొట్టంలో నిలబెట్టి ఉంటాయి. ఏ ఒక్కచోటా అమ్మేవారు "తలుపు ఎటు తెరుచుకుంటుంది, గోడ మందం ఎంత, ఇంట్లో వాకరు గాని చక్రాల కుర్చీ గాని ఉందా" అని అడగలేదు. ఆ మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే తప్ప ఏ పట్టీ ఇవ్వాలో చెప్పడం సాధ్యం కాదు. దీనికి భిన్నంగా, మేము అల్యూమినియం పట్టీ కొన్న చిన్న శానిటరీ దుకాణంలో యజమాని రెండు అడుగుల ముక్కను నమూనాగా ఇంటికి తీసుకుపోనిచ్చారు, సరిపడకపోతే తెచ్చివ్వమన్నారు. పెద్ద షోరూములో అలాంటి వెసులుబాటు దొరకలేదు. అమెరికాలో ఉండే మా బంధువుల ఇళ్లలో చెక్క నేల కొన్నప్పుడే అదే రంగు వాలు పట్టీ, రెండు నేలలూ సమంగా ఉంటే వేసే టీ ఆకారపు పట్టీ కూడా కలిపి అడుగుతారు; అక్కడ అది నేలతో పాటు లెక్కలో ఉండే సరుకు. మన దగ్గర నేల బిల్లులో గుమ్మం ఎప్పుడూ కనబడదు.

రోబో వాక్యూములు వాడేవారికి ఒక చిన్న సూచన. వాటిలో ఎక్కువ భాగం 20 మిల్లీమీటర్ల దాకా ఎక్కుతాయని పెట్టె మీద రాసి ఉంటుంది. మా గ్రానైటు వాలును మా ఇంట్లోని రోబో మెట్టు అని గుర్తించను కూడా లేదు. అల్యూమినియం పట్టీ మీద మాత్రం అప్పుడప్పుడు చక్రం జారి రెండోసారి ప్రయత్నించి ఎక్కుతున్నది. నునుపు లోహం కంటే గీతలు చెక్కిన పట్టీ ఎందుకు మంచిదో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

ఇల్లు కట్టుకుంటున్నవారు, లేదా ఇంకా నేల వేయించనివారు వీటిలో ఏదీ కొననక్కర లేకుండా చూసుకోవచ్చు. హాలుకు 18 మిల్లీమీటర్ల మార్బులు, పడకగదులకు 9 మిల్లీమీటర్ల టైలు అనుకున్నప్పుడు ఆ తేడాను కింద పరిచే మోర్టారు మందంలోనే సర్దవచ్చు. దానికి మేస్త్రీకి ముందుగా అన్ని గదుల నేల సరుకు ఏదో, దాని మందం ఎంతో తెలియాలి, ట్యూబ్ లెవల్‌తోనో లేజరుతోనో ఒకే గీత ఇల్లంతా గోడల మీద కొట్టించాలి. హాలు పని అయిపోయాక పడకగది టైల్స్ ఎంచుకోవడానికి షోరూముకు వెళ్లే ఇళ్లలోనే గుమ్మం దగ్గర మెట్లు పుడతాయి. సింహద్వారపు గడప సంగతి వేరు. పసుపు కుంకుమ పెట్టే ఆ గడపను తీయించమని ఎవరూ అడగరు, దానికి బయటి వైపూ లోపలి వైపూ వాలు కట్టించుకోవలసిందే.

బాత్రూము గుమ్మం దగ్గర ఈ మూడింటిలో ఏదీ నేను వేయించలేదు. అక్కడ నేల దిగి ఉండటమే నీళ్లు గదిలోకి రాకుండా కాపాడుతున్నది. ఆ తేడాను చెరిపేస్తే తడి చాప, తడి గది రెండూ తప్పవు. అమ్మ కోసం అక్కడ గోడకు గట్టి స్టీలు కడ్డీ ఒకటి బిగించి, అంచు రాతి మీద గరుకు టేపు అంటించి ఊరుకున్నాము. ఆ టేపు అంచులు అప్పుడే లేస్తున్నాయి, దాని బదులు రాతికే గీతలు కొట్టించమని మేస్త్రీకి చెప్పి ఉంచాను.